బాతుల గుడ్డ కట్టిన జమ్ము

నా కూతురు గువ్వకు తొమ్మిదో నెల వచ్చినా నేను దాన్ని చంక దింపడం తక్కువ. దింపినా నా కళ్లు దాని మీదనుంచి దిగవు. నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. వేలికి వెచ్చగా గాలి తగిలితే కాసేపు నెమ్మదిస్తాను. అంతలోనే వేలు మళ్లీ అటే పోతుంది. మా అత్తయ్య కుట్టుమిషను తొక్కుతూ ఇదంతా ఓరకంట చూస్తుంటుంది.

"దానికి ఊపిరి తీయడం నువ్వు నేర్పక్కర్లేదే, అది నేర్చుకునే పుట్టింది. ముందు నువ్వు తీసుకో ఊపిరి," అంటుంది.

అలాంటి నేను నీళ్ల పక్కన పనికి ఒప్పుకున్నానంటే ఒకటే కారణం, పిల్లను వెంట తెచ్చుకోవచ్చన్నారు. ఊరి చివర పెద్ద మడుగు ఉంది. దాని గట్టున రేకుల షెడ్డు వేసి నీటిమొక్కలు పెంచుతున్నారు. కుండీల్లో బురద నింపడం, పిలకలు విడదీసి నాటడం, తొట్లు కడగడం నా పని. మొక్కలు మోసే ప్లాస్టిక్ ట్రేలో దుప్పటి పరిచి గువ్వను కూర్చోబెడతాను. అది కూర్చుని ట్రే అంచు కొరుకుతూ ఉంటుంది. నేను రెండు కుండీలు నింపి ఒకసారి దాని వైపు చూస్తాను. ఇంకా నిజం చెప్పాలంటే ఒక కుండీకే.

అక్కడ పెత్తనమంతా ఒకావిడది. మేమంతా ఆవిణ్ణి మొక్కల మేడమ్ అంటాం. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని, మడుగులో దిగితే అన్నం నీళ్లు గుర్తుండని మనిషి.

మడుగు నిండా జమ్మే. మనిషికంటే ఎత్తు, కత్తుల్లాంటి ఆకులు, పూత కాలంలో నడుమ ఒక్కో పుల్ల మీద గోధుమరంగు కంకి. పాలసీసా కడిగే బ్రష్షుకు మఖ్మల్ గుడ్డ చుట్టినట్టు ఉంటుంది. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే, జమ్మంటే జమ్మే కదా అనుకునేదాన్ని. పనిలో చేరాక తెలిసింది, అందులో రెండు జాతులున్నాయని. ఒకటి ఎప్పటినుంచో ఇక్కడున్న నాటు జమ్ము. రెండోది ఎక్కడినుంచో వచ్చి కాలు మోపి, తర్వాత మంచం వేసుకుని, చివరికి ఇల్లంతా నాదే అన్న సీమ జమ్ము. అది అల్లుకున్న చోట చేప తిరగడానికి సందుండదు, పిట్ట దిగడానికి జాగా ఉండదు. నాటుది మిగిలింది కల్వర్టు పక్కన ఒక్క తావులోనే. సీమదాన్ని కూలీల చేత పీకించి, ఆ ఖాళీల్లో నాటుదాన్ని పెంచాలన్నది మేడమ్ పట్టుదల.

"ఆ కాస్తా మనకు విత్తనం లాంటిది," అంది నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్లినప్పుడు. "అది పోతే ఇంకెక్కణ్ణుంచీ తెచ్చుకోలేం. వెతికి వెతికి వేసారాకే చెప్తున్నా."

"రెండూ ఒకేలా ఉన్నాయి కదండీ," అన్నాను.

"కంకి ఉంటే ఎవరైనా చెప్పేస్తారు. పైన సన్నగా ఉండేది మగపూత, కింద లావుగా ఉండేది ఆడపూత. నాటుదాంట్లో రెండూ ఆనుకుని ఉంటాయి. సీమదాంట్లో మధ్యన వేలెడు ఖాళీ."

"అలిగిన మొగుడూ పెళ్లాల్లాగా."

మేడమ్ నవ్వింది. "అలాగే గుర్తుపెట్టుకో. కానీ ఇప్పుడు కంకుల్లేవు. ఆకే చూడాలి."

ఆవిడ ఒక మొక్కను పట్టుకుని, పై ఆకును మెల్లగా బయటికి వంచింది. జమ్ము ఆకు కింది భాగం కాడను పొత్తిగుడ్డలా చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్టు విడిపోయి ఆకుగా మొదలయ్యే చోట చూడమంది. సీమదానికి అక్కడ రెండు పక్కలా ఉల్లిపొర లాంటి చిన్న చెవులు లేచి ఉన్నాయి. నాటుదానికి చెవుల్లేవు, భుజం జారినట్టు నున్నగా జారిపోయింది.

"రెండు చేతులూ కావాలి. ఒక చేత్తో కాడ, ఇంకో చేత్తో ఆకు. లాగితే చెవి చిరిగిపోతుంది, అప్పుడిక బ్రహ్మాండమైన చదువులు చదివినవాళ్లు కూడా చెప్పలేరు. ఇంకొకటి. మొక్క కంటే ముందు అది నిలబడ్డ చోటు చూడు. నాటుది ఇలా మోకాలి లోపు నీళ్లలో, ఊట పారే చోట ఉంటుంది. లోతులో, కాలవ మురికి కలిసే చోట ఉన్నదంతా దాదాపు సీమదే."

నేను తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. ఎవరైనా చూసి చెప్పమంటే నా మాట మీద నాకే నమ్మకం ఉండదు. ఆవిడ చూపించిన మొక్కను తిప్పి చూశాను, నాటుదన్నాను, మళ్లీ వంచి చూశాను, అవును నాటుదే అన్నాను. తర్వాత నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి ఇంకోసారి చూశాను. విసుక్కుంటుందేమోనని బెరుగ్గా ఆవిడ ముఖం వైపు చూస్తే, "నాకిలాంటి మనిషే కావాలి," అంది.

ఆ మాట ఇంటికొచ్చి అత్తయ్యకు చెప్పాను. "అయితే మా ఇంటి జబ్బు అక్కడ గుణం అయిందన్నమాట," అంది.

లోతు వైపు సీమదాన్ని పీకుతున్న ముఠా కల్వర్టు దాకా రాకముందే అక్కడి నాటు జమ్ముకు గుర్తు పెట్టే పని మేడమ్ నాకే అప్పజెప్పింది. ఏం గుర్తు పెట్టమంటారని అడిగితే, "దూరంనుంచి కనబడేది ఏదైనా సరే. మేస్త్రికి నేను చెప్తాలే," అంది.

గువ్వకు పొట్టివైపోయిన ఫ్లానెల్ చొక్కాలున్నాయి. పసుపుపచ్చవి, మీద బాతు బొమ్మలు. వాటిని పీలికలు చేసి తెచ్చాను. గువ్వ పుట్టినప్పుడు ఆసుపత్రిలో దాని చేతికి చిన్న పట్టీ కట్టారు. అన్ని ఉయ్యాలల మధ్య ఆ పట్టీ చూసుకుని, ఇది నాది, అనుకునేదాన్ని. నాటు జమ్ముకు బాతుల పీలికలు కడుతుంటే అదే గుర్తొచ్చింది. చెవులు చూడడం, లేవని తేలితే కట్టడం. గువ్వ ట్రేలోంచి కేకేస్తే, "ఒక్క నిమిషం, నీ చొక్కాలు వాటికిచ్చేస్తున్నా," అని చెప్పడం. సాయంత్రానికి ఆ తావంతా పసుపుపచ్చగా అయింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆ రాత్రి గువ్వ ముక్కు కింద వేలు పెట్టడం కూడా తగ్గించాను.

మరునాడు పొద్దున్నే దాన్ని చంకనేసుకుని పనికి బయల్దేరాను. మా వీధి మలుపులో చెట్టు కొడుతున్నారు. రోడ్డు మీదికి వంగి, బస్సుల అద్దాలకు తగులుతోందని ఎన్నాళ్లనుంచో అంటున్నదే. రంపం పట్టుకున్నాయన టీ తాగుతూ పక్కకు నిలబడ్డాడు. పక్కనే అదే వరసలో అంతే లావు చెట్లు ఇంకా ఉన్నాయి. ఊరికే అడిగాను.

"ఏది కొట్టాలో మీకెలా తెలుస్తుందండీ?"

"గుర్తేసి పోతారమ్మా. అదిగో, సున్నం గీత. గుర్తున్నది కొట్టేస్తాం, లేనిదాని జోలికి పోం."

"ఎప్పుడూ అంతేనా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఉంచేదానికి గుర్తెందుకు?"

నాకు బాతుల పీలికలు గుర్తొచ్చాయి. పడగొట్టే గోడకు గీత, కొట్టే చెట్టుకు గీత, పీకే రాయికి రంగు. ఊరంతా అదే లెక్క. ముఠా వాళ్లకూ అదే లెక్క. మేడమ్ మేస్త్రికి ఏమని చెప్పి ఉంటుంది? ఆవిడకు గుర్తంటే ఉంచేదే, నాకూ ఉంచేదే. అది విప్పి చెప్పాల్సిన సంగతని ఆవిడకు తట్టి ఉండదు. నాకు తట్టలేదుగా.

చంకలో పిల్లతో ఎంత వేగంగా నడవొచ్చో అంత వేగంగా నడిచాను. పరిగెత్తడానికి భయం, కాలు జారితే? నడవడానికీ భయం, ఆలస్యమైతే? గువ్వకు అదంతా ఆటలా ఉంది, నా జడ పట్టుకుని కేరింతలు కొడుతోంది.

ముఠా మేస్త్రిని అందరూ ఉరుము అంటారు. ఆయన గట్టు మీద మాట్లాడితే అవతలి గట్టు మీద కొంగలు లేస్తాయి. ఆ గొంతు నాకు కల్వర్టు మలుపులోనే వినబడింది. మలుపు తిరిగి చూస్తే, పసుపుపచ్చ తావు లేదు. ఒక మూల కొన్ని మొక్కలు, మిగతాదంతా తిరగబడ్డ బురద.

"ఆపండి మేస్త్రి గారూ," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. దగ్గరికి వెళ్లి మళ్లీ అన్నాను.

"ఏంటమ్మాయ్? మీ బాతులున్నవన్నీ పీకేశాం. ఆ కాస్తా అయితే అయిపోయినట్టే," అన్నాడాయన, మెప్పు కోసం చూసే ముఖంతో.

"ఉంచమని కట్టానండీ."

నీళ్లలో ఉన్నవాళ్లు నడుములు ఎత్తి చూశారు. ఉరుము తలగుడ్డ వెనక్కి నెట్టుకున్నాడు.

"మేడమ్ గారు ఫోనులో, ఆ అమ్మాయి గుర్తులు కట్టింది, చూసుకుని తీయండి అన్నారు. చూసుకునే తీశాం కదా తల్లీ. గుర్తంటే పోవాల్సిందేగా."

ఆయన తప్పేముంది? పీకిన మొక్కల కుప్ప గట్టు మీద ఎండలో ఉంది. నిన్న లోతు వైపునుంచి తీసిన సీమ జమ్ము కుప్ప మీదే ఇవాళ్టివీ వేశారు. చెత్త నలిపే యంత్రంలో గుడ్డ చుట్టుకుంటుందని పీలికలన్నీ విప్పి ఒక సంచిలో కుక్కారు. పద్ధతైన మనుషులు. ఇప్పుడు ఏది నాటుదో ఏది సీమదో పైకి ఏమీ తెలియదు. కుప్ప ఎత్తుకుపోయే ట్రాక్టరు వచ్చి అప్పటికే నిలబడి ఉంది.

మేడమ్‌కు ఫోను చేశాను. జరిగింది చెప్పాను. "తప్పు నాది, విడమర్చి చెప్పాల్సింది," అంది ఆవిడ. ఆ గొంతు వింటే తిట్టినా బాగుండేదనిపించింది. "దుంపలు ఎండకముందు మళ్లీ బురదలో పెడితే చాలావరకు బతుకుతాయి. నేను వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అప్పటిదాకా ఆగవు. నువ్వు వేరు చెయ్యి."

"నేనా అండీ? ఒక్క సీమది కలిసినా మళ్లీ అల్లుకుపోతుంది కదా."

"అందుకే నువ్వు. చెవులు చూడు."

కుప్ప దగ్గర కూర్చున్నాను. గువ్వను ఒళ్లో వేసుకుని ఒక మొక్క తీశాను. ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో కాడ. ఆకు వంచడానికి చెయ్యి లేదు. పళ్లతో పట్టుకుని వంచబోతే ఆకు చిరిగింది. గువ్వ నా చేతిలోంచి ఆకు గుంజుకుని నోట్లో పెట్టుకోబోయింది. దాన్ని లాక్కుంటే ఏడుపు మొదలుపెట్టింది. ట్రేలో వేద్దామంటే కుప్ప దగ్గర నీడ లేదు, కల్వర్టు గోడ నీడలో పెడితే నీళ్లు పక్కనే, షెడ్డు గట్టుకు ఆ చివరన ఉంది, నాకు కనబడదు. రెండోది తీశాను. అదీ చిరిగింది.

"ఇటివ్వు," అన్నాడు ఉరుము.

తలెత్తి చూశాను. మోచేతుల దాకా బురద. మీసాల్లో బురద. ఆ చేతులతో ఇందాకే మనిషి ఎత్తు జమ్మును దుంపలతో సహా పెకలించడం చూశాను.

"ఏడుస్తుందండీ. కొత్తవాళ్ల దగ్గర ఉండదు."

"ఇప్పుడు నవ్వుతోందా?"

నీళ్లలోంచి ఒకామె, "ఇవ్వు చెల్లీ, ఆయన గొంతే అంత, మనిషి కాదు," అంది. ఇంకొకామె, "మనవరాలిని ఎత్తుకోబోతే గొంతు విని జడుసుకుందట, అప్పట్నుంచి కూతురు ఎత్తుకోనివ్వట్లేదు, పాపం," అని అందుకుంది.  ఉరుము నీళ్లలోకి దిగి చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. గోళ్ల సందుల్లో కూడా. తలగుడ్డ విప్పి, శుభ్రమైన వైపు చూసుకుని తుడుచుకున్నాడు. వచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచాడు.

పుట్టినప్పటినుంచి గువ్వను నేను, మా ఆయన, అత్తయ్య తప్ప ఎవరూ ఎత్తుకోలేదు. మా ఆయన ఎత్తుకున్నా తల కింద చెయ్యి పెట్టు అంటూ వెంట తిరిగేదాన్ని. పక్కన కుప్ప మీద ఒక దుంప కొస అప్పుడే తెల్లబడుతోంది, ఆరుతోంది.

ఇచ్చాను. ఆయన దాన్ని అంచుదాకా నిండిన కుండలా పట్టుకున్నాడు. గువ్వ ఏడుపు ఆపి ఆయన మీసాల వైపు అనుమానంగా చూసింది.

"ఏం బాతూ," అన్నాడు ఉరుము. గుసగుసగా.

నీళ్లలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి ఆగిపోయారు. "మేస్త్రికి గొంతు తగ్గించడం వచ్చని ఇన్నాళ్లకు తెలిసింది," అన్నారెవరో. "తెలిసి ఉంటే చెవులకు ఇంత శ్రమ తప్పేది." ఆయన వాళ్ల వైపు ఉరిమి చూశాడే గాని గొంతు పెంచలేదు.

నేను కాడ పట్టుకుని ఆకు వంచాను. రెండు చేతులతో. చెవులున్నాయి, సీమది, ఎడమకు. తర్వాతది. భుజం నున్నగా జారింది, నాటుది, కుడికి. మళ్లీ వంచి చూశాను, నాటుదే. గువ్వ వైపు చూశాను. మీసం పట్టుకుంది. తర్వాతది. గువ్వ వైపు చూశాను. మీసం వదల్లేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నా కదలకుండా కూర్చున్నాడు.

కుడివైపు పడ్డవాటిని ఆడవాళ్లు అందుకుని, ఊట పారే చోట గుంట తీసి దుంపను పడుకోబెట్టి, బురద కప్పి తొక్కుతున్నారు. ట్రాక్టరతను కూడా ఖాళీగా నిలబడలేక గోనెసంచులు తడిపి కుప్ప మీద కప్పాడు. ఎవరూ ఎవరికీ పని చెప్పలేదు. కాసేపటికి నాకు ఆకులు, చెవులు తప్ప ఇంకేమీ కనబడలేదు.

చిరిగినవి కొన్ని వచ్చాయి, చెవులుండే చోటే పోయినవి. వాటితో ఏం చెయ్యాలో తోచలేదు. మొక్క కంటే ముందు చోటు చూడమంది మేడమ్. చోటునుంచి పీకి తెచ్చిన మొక్కకు చోటెక్కడిది? చేతిలో తిప్పి చూస్తుంటే దుంపకు అంటుకున్న బురద కనబడింది. వాసన చూశాను. ఒకదానికి నల్లటి జిడ్డు, మురిక్కాలవ కంపు. ఇంకోదానికి ఊట పారే చోటి ఇసుక కలిసిన ఎర్రమట్టి, తడిసిన కుండ వాసన. వచ్చిన చోటిని అవి కాళ్లకు అంటించుకునే వచ్చాయి. నల్లటివి ఎడమకు వేశాను. ఎర్రమట్టివి కుడికి వేయబోయి ఆగాను. చోటును బట్టి చెప్పేది దాదాపే, ఒక్క సీమది కలిసినా అల్లుకుపోతుంది. వాటిని వేరుగా నీళ్ల బకెట్లో పెట్టమన్నాను, కంకి వేసేదాకా తొట్లో ఉంచి చూద్దామని.

"ఎటూ తేలనివాటికి కూడా చోటు పెట్టావే," అంది బకెట్ పట్టుకున్నామె.

"తొందరపడి పారేస్తే మళ్లీ రావు కదక్కా."

చివరి మొక్క ఎడమకు వేసి చెయ్యి చాచితే కుప్పలో ఇంకేం తగల్లేదు, ఉత్త నేల. అప్పుడు గుర్తొచ్చింది గువ్వ.  ఎంతసేపట్నుంచి దాని వైపు చూడలేదో నాకే తెలియదు. అది పుట్టినప్పటినుంచి ఎప్పుడూ అలా జరగలేదు.

లేచి వెనక్కి తిరిగాను. ఉరుము కల్వర్టు గోడ నీడలో కూర్చున్నాడు. గువ్వ ఆయన భుజం మీద బుగ్గ ఆనించి పడుకుంది. పెదవి వేలాడేసి, మీసం వెంట్రుక ఒకటి ఇంకా పిడికిట్లో ఉంచుకుని. ఆయన తలగుడ్డ దాని వీపు మీద కప్పాడు. నేను దగ్గరికి వెళ్లి అలవాటుగా దాని ముక్కు కిందికి వేలు పోనిచ్చాను. వేలి నిండా బురద. అక్కడే ఆగిపోయింది.

"ఆడుతోందిలే ఊపిరి," అన్నాడాయన పెదవులు కదిలీ కదలకుండా. "ఇందాకట్నుంచీ నేను చూస్తూనే ఉన్నా, ఉండుండి."

ఆయన చూపుడు వేలు దాని ముక్కు పక్కనే ఉంది. గోళ్ల సందుల్లో కూడా కడిగిన వేలు.

నేను పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాను. పిల్లను అడగలేదు. నీళ్లలో ఆడవాళ్లు పాతిన జమ్ము ఆకులు ఒంగిపోయి, మూర్ఛనుంచి తేరుకుంటున్నవాళ్లలా ఒకదానిమీద ఒకటి ఆనుకుని ఉన్నాయి.

మధ్యాహ్నం మేడమ్ వచ్చి బూట్లయినా వేసుకోకుండా నీళ్లలోకి దిగింది. అక్కడొకటి ఇక్కడొకటి ఆకు వంచి చూసింది. అన్నీ చూస్తుందేమో, ఎక్కడ చెవులు బయటపడతాయోనని నేను గట్టు మీద ఊపిరి బిగబట్టాను. కొన్ని చూసి చాలించింది. "మిగతావి నువ్వు చూశావుగా," అంది. సంచిలోంచి బాతుల పీలికలు తీసి నా చేతిలో పెట్టబోతే ఉరుము అడ్డమొచ్చాడు. "ఇంకేం కట్టకండి మేడమ్. అక్కడ ఏముందో ఇప్పుడు మా ముఠాలో గుడ్డివాడికి కూడా తెలుసు."

తర్వాత ఆకులు పండాయి. కొన్ని మొక్కలు కుళ్లిపోయాయి కూడా. నేను రోజూ వెళ్లి చూసేదాన్ని. అవతలి వైపు పని ఎంత ఉన్నా ఉరుము ఏదో వంకన అటు వచ్చేవాడు. పార మరిచిపోయాననేవాడు. చేతిలోనే పార ఉండేది.

ఒక పొద్దున ఆయన గట్టు మీదనుంచి నన్ను పిలిచాడు. కొంగలేవీ లేవలేదు. పండిన ఆకుల మొదట్లో, బురదలోంచి లేతగా ఏవో మొనలు లేచాయి. దూరంనుంచి అంతే తెలుస్తోంది. సీమవో నాటువో దగ్గరికి వెళ్లి చూడాలి.

గువ్వను ఆయన చేతికిచ్చి, చీర కుచ్చిళ్లు ఎగదోపి నీళ్లలోకి దిగాను. వెనకనుంచి గువ్వ నవ్వు వినబడింది, మీసం దొరికినట్టుంది. నేను తిరిగి చూడలేదు. వంగి, ఒక చేత్తో కాడ పట్టుకుని, రెండో చేత్తో లేతాకును మెల్లగా వంచాను.